ఆహార భద్రత ఆర్డర్లు, పోషకాహార వాదనలు: గందరగోళపడకుండా చదవడం ఎలా?

"గుడ్లలో క్యాన్సర్ తెచ్చే మందు దొరికిందట, పిల్లలకి పెట్టొచ్చా?" "మా వీధి చివరి హోటల్ మీద ఫుడ్ సేఫ్టీ వాళ్లు దాడి చేశారు, ఇక అక్కడ బిర్యానీ మానేయాలా?" "ఒక డాక్టరేమో ప్రొటీన్ పౌడర్ తాగమంటాడు, ఇంకొకాయన వద్దంటాడు, ఎవరి మాట వినాలి?"

తిప్పి తిప్పి ఈ మూడు రకాల ప్రశ్నలే వస్తున్నాయి. ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటూ పోతే వచ్చే వారానికి ఇంకో వార్త తయారు. అందుకే, వార్త ఏదైనా మీరే కూర్చుని తేల్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే. మెట్లు మాత్రం వరసలోనే ఎక్కండి. చాలామంది ఆర్డరు చూడకుండా పరిశోధన దగ్గరికి, అంకె చూడకుండా భయం దగ్గరికి వెళ్లిపోతారు. వాదన అక్కడే ఇరుక్కుంటుంది.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫోన్‌లో ఒక ఫోల్డర్ చేసి వీటిని దాచుకోండి. ఒక్కసారి చేస్తే చాలు.

• ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లో ఆర్డర్లు, అడ్వైజరీలు ఉండే పేజీ. దేశం మొత్తానికి ఆహార ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ ఇది.
• తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఎక్స్ (ట్విట్టర్) ఖాతా. హోటళ్ల తనిఖీల వివరాలు ఫొటోలతో సహా అక్కడ పెడతారు.
• ఫాస్కాస్ పోర్టల్. ఆహార వ్యాపారాల లైసెన్సు నంబరు సరిచూసుకోవడానికి.
• తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్, 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు. మొత్తం 17 సూచనలు, పీడీఎఫ్ ఉచితం.
• అదే సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు. 528 పదార్థాల లెక్కలు ఉన్నాయి. తోటకూరలో ఐరన్ ఎంతో తెలియాలంటే యూట్యూబ్‌లో వెతకక్కర్లేదు.

ఇక కొలతలు. ఇవి నోటికి రాకపోతే తర్వాతి మెట్లలో తడబడతారు.

• 1 పీపీఎం = కిలోలో 1 మిల్లీగ్రాము.
• 1 పీపీబీ = కిలోలో 1 మైక్రోగ్రాము. అంటే 1000 టన్నుల్లో 1 గ్రాము.
• సోడియం × 2.5 = ఉప్పు.

2. ఒక ప్రశ్నను మూడుగా విడగొట్టండి

ఆహారం మీద వచ్చే ప్రతి గొడవలోనూ మూడు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి.

• చట్టం ప్రశ్న: నిబంధనల ప్రకారం ఉందా, లేదా?
• హాని ప్రశ్న: ఇంత మోతాదులో తింటే ఏమైనా అవుతుందా?
• పోషణ ప్రశ్న: రోజూ తింటే నా ఒంటికి మంచిదా?

బాటసింగారం మార్కెట్ నుంచి వచ్చిన మామిడిపండునే తీసుకోండి. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో మగ్గబెట్టడం 100 పీపీఎం వరకు చట్టబద్ధం. "మందు వేసి మగ్గబెట్టారు" అని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే చట్టం ప్రశ్న దగ్గరే దారి తప్పుతాం. షుగర్ ఉన్న నాన్నగారు ఆ పండు ఎంత తినొచ్చు అన్నది మళ్లీ పూర్తిగా వేరే ప్రశ్న. చెట్టు మీదే పండిన పండుకైనా ఆ ప్రశ్న ఉంటుంది.

చట్టం ప్రశ్నలో ఇంకో మెలిక ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం తప్పులన్నిటినీ ఒకే కళ్లతో చూడదు.

• సబ్‌స్టాండర్డ్: ప్రమాణాలకు తగ్గట్టు లేదు, కానీ ప్రమాదకరం అని కాదు. జరిమానా 5 లక్షల దాకా.
• మిస్‌బ్రాండెడ్: లేబుల్ మీద తప్పు లేదా మోసం. 3 లక్షల దాకా.
• తప్పుదోవ పట్టించే ప్రకటన: 10 లక్షల దాకా.
• అన్‌సేఫ్: తింటే హాని. ఇక్కడ జైలుశిక్ష కూడా ఉంటుంది. మనిషి చనిపోతే యావజ్జీవం దాకా వెళ్తుంది.

"నెయ్యి శాంపిల్ ఫెయిల్" అని హెడ్‌లైన్ కనిపిస్తే మొదట వెతకాల్సింది ఈ నాలుగింటిలో ఏ మాట వాడారన్నది. సబ్‌స్టాండర్డ్‌ని "విషం" అని రాసే వార్తలకు కొదవ లేదు. అలాగని సబ్‌స్టాండర్డ్ అంటే తేలిగ్గా తీసుకోమని కాదు. మీరు డబ్బులిచ్చింది నెయ్యికి.

3. అసలు కాగితం పట్టుకోండి

"ప్రభుత్వం బ్యాన్ చేసింది" అన్న మాట వెనక ఒక కాగితం ఉండాలి. అది ఏ రకం కాగితమో చూడండి.

• గెజిట్‌లో వచ్చిన నిబంధన: అమల్లో ఉన్న చట్టం.
• డ్రాఫ్ట్ నోటిఫికేషన్: ఇంకా అభిప్రాయాలు అడుగుతున్న దశ. చట్టం కాలేదు.
• ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డరు లేదా అడ్వైజరీ: వ్యాపారులకో, రాష్ట్రాల అధికారులకో ఇచ్చిన ఆదేశం, సూచన.
• రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్ నిషేధం: సెక్షన్ 30 కింద, ఒక్కోసారి గరిష్ఠంగా ఏడాది.

మయొనైజ్ సంగతి గుర్తుందిగా. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకామె చనిపోయి, చాలామంది అస్వస్థులయ్యాక, 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆర్డరులో ఉన్నది పచ్చిగుడ్లతో చేసిన మయొనైజ్, గడువు ఏడాది. గుడ్డు లేకుండా చేసిన మయొనైజ్‌కి అది వర్తించదు. మోమోలు బ్యాన్ అన్నది ఎక్కడా లేదు. అయినా మోమోలు బ్యాన్ అయ్యాయని ప్రచారం జరిగింది. ఏడాది గడువు ఉన్న ఆర్డరు కాబట్టి, దాన్ని ఎవరైనా ఇప్పుడు చూపిస్తే పొడిగింపు ఆర్డరు కూడా అడగండి.

తేదీ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఏ1, ఏ2 పాల ఉదంతం బాగా పనికొస్తుంది. పాలల్లోని ఒక ప్రొటీన్ రకాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి. 2024 ఆగస్టు 21న ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. ఆగస్టు 26న, ఇంకా సంప్రదింపులు జరపాలంటూ ఆ ఆర్డరును వెనక్కి తీసుకుంది. మొదటి కాగితం పట్టుకున్నవాళ్లు "ఏ2 అంతా మోసం" అన్నారు. రెండోది పట్టుకున్నవాళ్లు "ఏ2 మంచిదని ప్రభుత్వమే ఒప్పుకుంది" అన్నారు. రెండో ఆర్డరులో మంచిదనీ లేదు, చెడ్డదనీ లేదు.

వీటన్నిటికంటే చదవదగ్గది, విరేచనాలప్పుడు తాగించే ద్రావణం ఓఆర్‌ఎస్ వ్యవహారం. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన విషయం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం, సిట్రేట్. మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో కలిపి అమ్మిన టెట్రాప్యాక్ పానీయాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. విరేచనాలవుతున్న పిల్లలకు అంత చక్కెర పడితే నీళ్ల విరేచనాలు ఇంకా పెరగొచ్చు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన కాగితాల వరస చూడండి:

• 2022 ఏప్రిల్: ఓఆర్‌ఎస్ పేరుతో తప్పుదోవ పట్టించే ప్రకటనలు వద్దన్నారు.
• 2022 జులై: "ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని ప్యాకెట్ మీద రాస్తే బ్రాండు పేరులో ఆ మాట వాడుకోవచ్చన్నారు.
• 2025 అక్టోబర్ 14: ఆ వెసులుబాటు రద్దు.

2022 జులైకి, 2025 అక్టోబర్‌కి మధ్య ఎవరైనా షాపువాడిని నిలదీసి ఉంటే వాడు చూపించేది రెండో కాగితమే. అప్పటి చట్టం ప్రకారం వాడు కరెక్టు. హాని ప్రశ్నకు మాత్రం జవాబు మొదటి రోజు నుంచీ ఒకటే. "చట్టం ఒప్పుకుంది కదా" అన్న మాట దగ్గర ఆగిపోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దృష్టిలో లేదు.

కాగితం చూసేటప్పుడు టిక్ పెట్టుకోవాల్సినవి:

☐ ఎవరు ఇచ్చారు? కేంద్రమా, రాష్ట్రమా, కోర్టా?
☐ తేదీ, ఫైలు నంబరు ఉన్నాయా?
☐ సరిగ్గా ఏ పదార్థం గురించి?
☐ ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా?
☐ తర్వాత వచ్చిన ఇంకో ఆర్డరు దీన్ని మార్చిందా?

4. హోటల్ తనిఖీ రిపోర్టు చదవడం

2024 నుంచి హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ తనిఖీలు జోరందుకున్నాయి. పెద్దపెద్ద పేర్లున్న హోటళ్ల కిచెన్ ఫొటోలు కూడా బయటికొచ్చాయి. ఆ పోస్టులను మొత్తంగా కాకుండా, లైను లైనుగా మూడు గంపల్లోకి వేరు చేసి చదవండి.

కాగితాల లోపాలు: లైసెన్సు కాపీ గోడకు పెట్టలేదు, వంటవాళ్ల మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు లేవు, పెస్ట్ కంట్రోల్ రికార్డు లేదు, నీటి టెస్టు రిపోర్టు లేదు.

శుభ్రత లోపాలు: మూతల్లేని చెత్తడబ్బాలు, పగిలిన టైల్స్, తలకు టోపీలు లేకపోవడం, ఫ్రిజ్‌లో వెజ్, నాన్‌వెజ్ ఒకే చోట.

ఆహారంలోనే లోపాలు: గడువు దాటిన సరుకు, కుళ్లిన కూరగాయలు, తేదీ లేకుండా దాచిన సగం వండిన మాంసం, కబాబ్‌లో కృత్రిమ రంగు, బొద్దింకలు తిరుగుతున్న పిండి.

మొదటి గంపలోవి మాత్రమే ఉంటే నేనైతే ఆ హోటల్‌కి వెళ్తాను. ఒకటి మినహాయింపు: నీటి టెస్టు రిపోర్టు లేకపోతే అక్కడ మంచినీళ్లు, ఐస్ తీసుకోను. మూడో గంపలో రెండు లైన్లున్నా కొన్నాళ్లు అటు పోను. రెండో గంప దగ్గర ఒకటి ప్రత్యేకంగా చూడండి: పచ్చి మాంసం, వండిన పదార్థం ఒకే అరలో ఉన్నాయా? పగిలిన టైల్ కంటే అది ఎక్కువ ప్రమాదం.

"శాంపిళ్లు ల్యాబ్‌కి పంపాం" అన్న వాక్యం ఫలితం కాదు. నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబ్‌కి చేరాక ఫుడ్ అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని చట్టం చెబుతుంది. దాని మీద వ్యాపారి అప్పీలు చేసుకోవచ్చు. కాబట్టి తనిఖీ రోజున "కల్తీ దొరికింది" అని ఎవరైనా రాస్తే, కళ్లకు కనిపించిన లోపాన్ని ల్యాబ్ తేల్చిన లోపంగా రాస్తున్నారన్నమాట.

లైసెన్సు నంబరు చూడటం రెండు నిమిషాల పని. బిల్లు మీద 14 అంకెలు ఉంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తర్వాతి రెండంకెలు రాష్ట్రం: తెలంగాణకు 36, కేంద్ర లైసెన్సుకు 00. ఫాస్కాస్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉంది, బతికే ఉందా అన్నది తెలుస్తుంది. స్విగ్గీ, జొమాటోలో పేరు ఒకటి, లైసెన్సు మీద పేరు ఇంకొకటి ఉంటే అది క్లౌడ్ కిచెన్ కావచ్చు. ఒకే వంటగదిలోంచి నాలుగు పేర్లతో బిర్యానీ రావడం ఇప్పుడు మామూలే. లైసెన్సు ఉన్నంత మాత్రాన వంటగది శుభ్రంగా ఉందని మాత్రం అనుకోకండి.

ఒకటి అసలు రిపోర్టుల్లోకి రాదు. రాత్రి పదకొండింటికి వచ్చిన బిర్యానీ సగం తిని, బల్ల మీద వదిలేసి, పొద్దున వేడి చేసుకుని తినడం. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు వంట వేడికి చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలన్న నియమం హోటల్‌కి ఎంత ముఖ్యమో మన ఇంటికీ అంతే. భట్టీ మీద పొగలు కక్కుతున్న హలీమ్‌కి ఇబ్బంది తక్కువ. దాన్నే పార్సిల్ కట్టించుకుని స్కూటర్ డిక్కీలో వేసుకుని ఊరంతా తిరిగితే లెక్క మారిపోతుంది.

హోటల్‌లో, స్వీట్‌షాపులో అడగదగ్గవి:

☐ విడిగా అమ్మే మిఠాయి ట్రే మీద బెస్ట్ బిఫోర్ తేదీ ఉందా? (2020 అక్టోబర్ నుంచి తప్పనిసరి.)
☐ పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటల్ అయితే మెనూలో కేలరీలు ఇచ్చారా? (2022 జులై నుంచి.)
☐ మిర్చిబజ్జీ మూకుడులో నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతోందా? మరిగించిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మరిగి పాడయ్యేకొద్దీ పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదు. మీటరు లేకుండా అంకె తెలియదు. నురగ మాత్రం కనిపిస్తుంది.

5. అంకె, కొలత, మోతాదు: మూడూ కలిపే చూడండి

భయం పుట్టించేది ఎప్పుడూ పదార్థం పేరు. తేల్చేది మోతాదు.

2025 డిసెంబర్ గుడ్ల గొడవనే లెక్క వేద్దాం. ఒక బ్రాండు గుడ్లలో నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ అవశేషం 0.7 పీపీబీకి కాస్త పైన కనిపించింది. నైట్రోఫ్యూరాన్లు కోళ్ల పెంపకంలో నిషేధం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మాత్రం అవశేషానికి 1 పీపీబీ హద్దు పెట్టింది. చర్యలు తీసుకోవడానికి పెట్టుకున్న హద్దు అది, వాడుకోవచ్చని ఇచ్చిన అనుమతి కాదు.

50 గ్రాముల గుడ్డులో 0.7 పీపీబీ అంటే 0.035 మైక్రోగ్రాము. ఇప్పుడు మూడు ప్రశ్నలూ విడివిడిగా వేయండి. చట్టం: హద్దు లోపలే, కానీ నిషేధించిన మందు ఆనవాలు ఎలా వచ్చిందని అడగాల్సిందే. హాని: ఇంత చిన్న మోతాదుతో క్యాన్సర్ వస్తుందని చెప్పే ఆధారం లేదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వివరణ. పోషణ: పిల్లలకు గుడ్డు అప్పుడూ మంచిదే, ఇప్పుడూ మంచిదే. "గుడ్లు మానేయండి" అన్నవాళ్లు మొదటి ప్రశ్న జవాబును మూడో ప్రశ్నకు అంటగట్టారు.

రెండో లెక్క ఆస్పర్టేమ్‌ది, అంటే డైట్ కూల్‌డ్రింకుల్లో చక్కెర బదులు వేసే తీపి పదార్థానిది. 2023 జులైలో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బీ గ్రూపులో పెట్టింది. అదే రోజు జేఈసీఎఫ్‌ఏ అనే ఇంకో నిపుణుల కమిటీ, రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల దాకా పరవాలేదన్న పాత హద్దును మార్చక్కర్లేదంది. జనం దీన్ని ఇద్దరి మధ్య గొడవగా చూశారు. నిజానికి ఇద్దరూ జవాబిచ్చింది వేర్వేరు ప్రశ్నలకు. ఐఏఆర్‌సీ చూసేది క్యాన్సర్ తెచ్చే గుణం ఉందా, దానికి ఆధారం ఎంత గట్టిది అన్నది. ఎంత తింటే అన్నది రెండో కమిటీ పని.

60 కిలోల మనిషికి హద్దు 2400 మిల్లీగ్రాములు. ఒక డైట్ కూల్‌డ్రింక్ డబ్బాలో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే రోజుకు 8 నుంచి 12 డబ్బాలు. అలాగని తాగమని కాదు. అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని విడిగా చెప్పింది. అది పోషణ ప్రశ్నకు జవాబు.

శాతాల మాయ ఒకటుంది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం (సాసేజ్, సలామీ లాంటివి) తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఐఏఆర్‌సీ 2015లో చెప్పింది. ఈ 18 ఎందులో 18 అని అడగండి. వందమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు అనుకుందాం. 18 శాతం పెరిగితే ఇద్దరు కాస్తా 2.36 అవుతారు, ఇరవై మంది కారు. "ఎంత నుంచి ఎంతకు" అన్నది లేని శాతం కనిపిస్తే ఆ వార్తను పక్కన పెట్టేయండి.

6. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందు వైపు అమ్మేవాళ్లది, వెనక వైపు చట్టానిది. నేను ముందు వైపు చదవడం మానేశాను.

వరస ఇది:

మొదట పదార్థాల జాబితా. బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. "గోధుమ బిస్కెట్" జాబితాలో మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే అది మైదా బిస్కెట్టే. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అని మూడు పేర్లతో విడిపోయి ఉంటే మూడూ కలిపి చూసుకోండి.

తర్వాత 100 గ్రాముల వరస. ఒక సర్వింగ్‌కి ఇచ్చిన అంకెలు కంపెనీ ఇష్టం. రెండు బ్రాండ్లను పోల్చాలంటే 100 గ్రాములకు ఇచ్చినవే పట్టుకోండి.

ఆ తర్వాత మీరు నిజంగా తినే మోతాదు. ఇరానీ చాయ్‌తో రెండు బిస్కెట్ల దగ్గర ఆగేవాళ్లు ఎంతమంది? 100 గ్రాములకు 20 గ్రాముల అదనపు చక్కెర ఉన్న బిస్కెట్లు 45 గ్రాములు లాగిస్తే చక్కెర 9 గ్రాములు. లేబుల్ లెక్కలో రోజు చక్కెర 50 గ్రాములు కాబట్టి అది 18 శాతమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా మేలన్న 25 గ్రాముల లెక్కతో చూస్తే 36 శాతం. బిస్కెట్ అదే, చక్కెర అదే. భాగించే అంకె మారింది. చాయ్‌లో చక్కెర ఇంకా కలపలేదు.

చివరగా సోడియం. 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాములున్న నూడుల్స్ 70 గ్రాముల ప్యాకెట్ తింటే సోడియం 840, ఉప్పుగా చెప్పుకుంటే 2.1 గ్రాములు. రోజు మొత్తానికి 5 గ్రాములే అని గుర్తుంచుకుంటే ఆ రాత్రి ఆవకాయ బద్ద పక్కకు జరుగుతుంది.

కొన్ని మాటలకు చట్టంలో అసలు చోటే లేదు. "హెల్త్ డ్రింక్" అనే వర్గం ఆహార చట్టంలో లేదని 2024లో తేలాక ఆన్‌లైన్ షాపులు ఆ వరసలోంచి మాల్ట్ పానీయాలను తీసేయాల్సి వచ్చింది. నీళ్లు కలిపి తయారుచేసిన రసాల మీద "100 శాతం పండ్లరసం" అని రాయొద్దని అదే ఏడాది జూన్‌లో ఆదేశం వచ్చింది.

7. "తాజా పరిశోధనలో తేలింది" అంటే

ఈ ఐదు అడగండి:

☐ ఎవరి మీద? ఎలుకల మీదా, గాజు నాళికలో కణాల మీదా, మనుషుల మీదా?
☐ ఎంతమంది, ఎన్నాళ్లు?
☐ దేనితో పోల్చారు?
☐ తిండిని వాళ్లే పెట్టారా, లేక తిన్నదాని గురించి అడిగి రాసుకున్నారా?
☐ డబ్బు ఎవరిది?

నాలుగోదే అసలు కీలకం. కేబీఆర్ పార్కు గేటు దగ్గర పొద్దున్నే గోధుమగడ్డి రసం తాగేవాళ్లని లెక్క తీస్తే మిగతా ఊరికంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. వాళ్లు రోజూ నడుస్తారు, చెకప్‌లు చేయించుకుంటారు, డబ్బులూ ఉంటాయి. రసం పాత్ర ఎంతో ఆ లెక్క చెప్పలేదు. పోషకాహార వార్తల్లో చాలా భాగం ఇలాంటి పరిశీలనలే. పనికిరానివని కాదు, వాటి మాటను ఎంతవరకు నమ్మాలో తెలియాలి.

మనుషులకు తిండి పెట్టి చూసిన ప్రయోగాలు తక్కువ. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో 20 మందిని నెలపాటు ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసినది), రెండు వారాలు మామూలు తిండి పెట్టింది. రెండుసార్లూ వాళ్ల ముందు పెట్టిన ఆహారంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. అయినా అల్ట్రా ప్రాసెస్డ్ వారాల్లో రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలో పెరిగారు. కారణాన్ని చూపించగల ప్రయోగం ఇది. తక్కువ మంది, తక్కువ రోజులు అన్నది దీని బలహీనత. రెండూ పక్కపక్కన రాసుకోండి.

మంచి పేరున్న అధ్యయనమైనా సరే, తర్వాత ఏమైందో చూడాలి. ఆలివ్ నూనె, బాదం లాంటి గింజలు ఉన్న తిండి మీద స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ పేపర్‌ని, మనుషుల్ని గ్రూపులుగా పంచడంలో లోపాలు బయటపడ్డాక 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి మళ్లీ ప్రచురించారు.

ఇక ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం. ప్రొటీన్ గొడవ చూడండి. ఎన్‌ఐఎన్ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, 60 కిలోల మనిషికి 50 గ్రాములు. అంతర్జాతీయ క్రీడా పోషకాహార సంఘం 1.4 నుంచి 2 గ్రాములంటుంది. మొదటిది ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరికీ లోటు రాకుండా సరిపోయేది. రెండోది జిమ్‌లో బరువులెత్తి కండ పెంచుకునేవాళ్లకు. ఆఫీసు కుర్చీలోంచి లేవని మనిషి రెండో అంకె పట్టుకుని డబ్బా కొనడం, రోజూ వర్కవుట్ చేసే కుర్రాడిని మొదటి అంకెతో తిట్టడం, రెండూ పొరపాటే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ రెండంకెలూ వర్తించవు, వాళ్ల డాక్టరు చెప్పిందే లెక్క.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

తప్పు: "యూరప్‌లో బ్యాన్, ఇక్కడ అమ్ముతున్నారు."
సవరణ: ఏ రసాయనం, ఏ పదార్థంలో, ఎంత హద్దు అన్నది రెండు చోట్లా చూడండి. హద్దులు దేశాన్ని బట్టి, అక్కడ తినే మోతాదును బట్టి మారతాయి.

తప్పు: రేషన్ బియ్యంలో తేడాగా ఉన్న గింజలు చూసి ప్లాస్టిక్ అనుకోవడం.
సవరణ: అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజల్లా ఒత్తినవి. వందకు ఒకటి చొప్పున కలిపినవి. ఏరి పారేయక్కర్లేదు. అందరికీ ఐరన్ కలపాలా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఉంది, అది వేరే ప్రశ్న.

తప్పు: "అన్నం మానేశాను, షుగర్ దిగింది."
సవరణ: అన్నం బదులు ఏం తిన్నారు? కూర పెరిగిందా, నడక పెరిగిందా, మాత్ర మారిందా?

తప్పు: ఇంట్లో చేసే పరీక్షను తుది తీర్పుగా తీసుకోవడం.
సవరణ: పాలల్లో అయోడిన్ చుక్క నీలంగా మారితే పిండి కలిసిందని తెలుస్తుంది, అంతే. యూరియా సంగతి ఆ చుక్క చెప్పదు.

తప్పు: 2015లో అమెరికా మార్గదర్శకాలు కొలెస్ట్రాల్‌కి 300 మిల్లీగ్రాముల హద్దు తీసేశాయి కాబట్టి గుడ్లు, నెయ్యి ఎంతైనా తినొచ్చనుకోవడం.
సవరణ: తీసేసింది ఆ ఒక్క అంకెనే. సాచురేటెడ్ కొవ్వు హద్దు అలాగే ఉంది. గుడ్డుకి వర్తించినంతగా నెయ్యికి ఈ వెసులుబాటు వర్తించదు.

9. అనుమానం గట్టిదైతే: ఫిర్యాదు, పరీక్ష

వాంతులు, విరేచనాలు అయితే ముందు డాక్టరు, తర్వాత ఫిర్యాదు. డాక్టరు చీటీయే రేపు ఆధారం.

వరసగా చేయాల్సినవి:

☐ మిగిలిన పదార్థాన్ని పారేయకుండా మూతబెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.
☐ ప్యాకెట్, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, బిల్లు ఫొటోలు తీయండి.
☐ ఎవరెవరు తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు మొదలైందన్నది రాసుకోండి. తిన్న ఆఖరి భోజనమే కారణం కాకపోవచ్చు. సాల్మొనెల్లాకి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.
☐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ, 1800112100 నంబరుకు గానీ ఫిర్యాదు చేసి, నంబరు దాచుకోండి.
☐ డబ్బు వాపసు కావాలంటే అది ఫుడ్ సేఫ్టీ వాళ్ల చేతిలో పని కాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆపైన వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి.

ఫిర్యాదులో "దారుణంగా ఉంది, చర్య తీసుకోండి" అని రాస్తే పని జరగదు. షాపు పేరు, లైసెన్సు నంబరు, తేదీ, వేళ, పదార్థం, కళ్లతో చూసింది ఏమిటి, ఇవి చాలు. ఊహలు రాయకండి. "పురుగుమందు కలిపారు" అనే బదులు "కిరోసిన్ లాంటి వాసన వచ్చింది" అని రాస్తే ఏ పరీక్ష చేయాలో వాళ్లకు తెలుస్తుంది.

కొన్న సరుకును మీరే పరీక్ష చేయించుకునే హక్కు కూడా ఉంది. ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 కింద ఎవరైనా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు దగ్గర విశ్లేషణ చేయించుకోవచ్చు. కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు పంపబోతున్నాను" అని దుకాణదారుకి చెప్పాలి. చాలామంది సీసా ఇంటికి తెచ్చి, తెరిచి, సగం వాడాక పరిగెడతారు. అప్పటికి ఈ దారి మూసుకుపోయినట్టే. సెక్షన్ ప్రకారం వెళ్లి, శాంపిల్ నిబంధనలకు తగ్గట్టు లేదని తేలితే, కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. అధికారులు కూడా ఆ రిపోర్టు ఆధారంగా ముందుకెళ్లాలి.